మూడు రెక్కల గుర్తు (9): గోడ అవతలి గది

రేణిగుంట దగ్గర మూతపడ్డ ఒక కాగితం ఫ్యాక్టరీ నుంచి మూడు నెలల కిందట ఒక పరికరం పాత ఇనుములో కలిసి బయటికి పోయింది. తొట్టిలో గుజ్జు ఎంత ఎత్తున ఉందో తొట్టి బయటి నుంచే చెప్పే పరికరం అది. సీసం నింపిన ఇనుప డొల్ల, దాని కడుపులో రేడియేషన్ వెదజల్లే సీజియం, వేలిగోరంత. ఆ తర్వాత కొన్నాళ్లకు నగరిలో మరమగ్గం నడిపే మురుగేష్ పిక్క మీద పుండు లేచింది. ముగ్గురు డాక్టర్లు కాలిన గాయమని మందు రాశారు. ఎక్కడ కాలిందో మురుగేష్ చెప్పలేకపోవడం నాలుగో డాక్టరుకు నచ్చలేదు. ఆయన తిరుపతిలో క్యాన్సర్ ఆసుపత్రి రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ రాజశ్రీకి ఫోన్ చేశాడు.

రాజశ్రీ నగరికి ఒక్కతే రాలేదు. ఆ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పరికరాల విభాగం చూసి, ఇప్పుడు పాకాలలో విశ్రాంతిగా ఉంటున్న యోగానందను వెంటబెట్టుకుని వచ్చింది. పరికరంలో కిరణాలు బయటికొచ్చే నోరు మూసి తాళం వేశామని కాగితం మీద సంతకం పెట్టింది ఆయనే. కారులో దారి పొడవునా ఆయన ఆ ఒక్క మాటే చెబుతూ వచ్చాడు. మురుగేష్ తన మగ్గం షెడ్డు తలుపు తీస్తున్నాడు. కిందటి వారం మనం వాళ్లను అక్కడ వదిలాం.

లోపలికి అడుగు పెట్టే ముందు రాజశ్రీ వీధిలోనే నిలబడి చేతిలోని రేడియేషన్ మీటరు చూసింది. గంటకు 0.14 మైక్రోసీవర్ట్. టిక్కు, కొంచెం ఆగి మళ్లీ టిక్కు. ఉదయం పదకొండు దాటింది. వీధికి రెండు పక్కలా ప్రతి ఇంట్లోనూ మగ్గాలు ఆడుతున్నాయి. ఆ దడకు మీటరు శబ్దం వినాలంటే దాన్ని చెవి దగ్గర పెట్టుకోవాల్సి వస్తోంది.

"ఇంగా లోపలికే పోలేదు, అప్పుడే కూస్తా ఉండాదే. మా వీధిలో బంగారమేమన్నా ఉండాదా మేడమ్?" అన్నాడు మురుగేష్. ముప్పై ఏళ్లుంటాయి. కుడి పిక్కకు కట్టు ఉంది. కుంటుతూనే నవ్వుతున్నాడు.

ఈ మాత్రం టిక్కులు ఏ ఊళ్లోనైనా ఉంటాయని రాజశ్రీ చెప్పింది. నేలలో, గోడ ఇటుకల్లో, నెత్తిన ఆకాశంలో, ఆఖరికి మనిషి ఒంట్లో కూడా కాస్త రేడియేషన్ ఉంటుంది. మనం పుట్టినప్పటి నుంచి దాని మధ్యనే ఉన్నాం. దానికి భయపడక్కర్లేదు. ఈ అంకె ఎక్కడ ఉన్నట్టుండి పెరుగుతుందో అక్కడే పని.

షెడ్డులో రెండు మగ్గాలు. రెండింటినీ మురుగేష్ పొద్దున్నే ఆపేశాడు. లోపలి మగ్గం వెనక, పడుగు చుట్టిన బీము కింద, గొలుసుకు వేలాడుతోంది ఆ పరికరం. చిన్న బిందెంత ఉంది. పడుగు బిగువుగా ఉండాలంటే బీముకు బరువు కట్టాలి. మెత్తటి నూలుతో మంచి చీర దిగాలంటే ఇంకా ఎక్కువ బరువు కావాలి. మామూలు గుండ్లు రెండో మూడో కలిపి కడితే అవి ఊగుతాయి, పడుగు ఒక పక్క వదులవుతుంది. పాత ఇనుము అంగట్లో ఈ చిన్న డొల్లను ఎత్తబోయి, రెండు చేతులూ పట్టాల్సి వచ్చేసరికి మురుగేష్ కళ్లు మెరిశాయి. పైగా దానికి తగిలించుకోవడానికి కొక్కెం కూడా ఉంది.

"ఇంత చిన్న వస్తువు ఇరవై కిలోలు తూగింది మేడమ్. రెండు నెలలుగా ఒక్క చీర కూడా వెనక్కి రాలా. వీధిలో అందురూ నాకూ ఒకటి తెచ్చి పెట్టమంటా ఉండారు."

డొల్ల మీద పసుపు, మూడు కుంకుమ బొట్లు. ప్రతి శుక్రవారం మగ్గానికి బొట్టు పెట్టేటప్పుడు మురుగేష్ తల్లి రుక్మిణమ్మ దీనికీ పెడుతోంది. పసుపు పొర కింద, రేడియేషన్ ఉందని హెచ్చరించే నల్లటి మూడు రెక్కల గుర్తు లీలగా కనబడుతోంది. ఆ బొమ్మ చూసి ఏదో ఫ్యాన్ల కంపెనీ సామాను అనుకున్నామని రుక్మిణమ్మ చెప్పింది.

రాజశ్రీ చెయ్యి చాచి మీటరును ముందుకు పెట్టి, అడుగులో అడుగు వేస్తూ మగ్గం పక్కకు వచ్చింది. రెండు. మూడున్నర. ఐదు. అక్కడ ఆగింది.

యోగానంద గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "అంతే గదమ్మా. సీసం తన పని తాను చేస్తా ఉండాది. నోరు తెరిచి ఉంటే ఈపాటికి మీ మీటరు గోల పెట్టేది. అదిగో సూడండి, తాళం గూడా అట్నే ఉండాది."

నిజమే. డొల్ల పక్కన ఉన్న పిడికి తాళం వేలాడుతోంది. తుప్పు పట్టింది కానీ చెక్కు చెదరలేదు.

మరి ఆ పుండు ఎక్కడిది? రాజశ్రీ మురుగేష్‌ను అడిగింది, పడుగు పోగు తెగితే ఎక్కడ కూర్చుని అతుకుతావని. అతను వేలు చూపించాడు. మగ్గం వెనక, గోడకూ పరికరానికీ మధ్య, ఒక మనిషి గొంతుక్కూర్చోవడానికి సరిపడా సందు. రోజుకు ఎంతసేపు కూర్చుంటావని అడిగింది. నూలు మంచిదైతే గంట, పాడుదైతే రెండు గంటలని చెప్పాడు.

ఆమె ఆ సందులోకి వెళ్లలేదు. మగ్గం పక్కనే నిలబడి, మీటరును ఒక కర్రకు కట్టి, కర్రను సందులోకి చాపింది.

ఐదు నుంచి అంకె మెల్లగా పెరగలేదు. ఒక్కసారిగా వేలల్లోకి దూకింది. టిక్కులు ఒకదానికొకటి అతుక్కుని ఒకటే కూతగా మారాయి. రాజశ్రీ కర్రను వెనక్కి లాగింది. కూత ఆగింది. మళ్లీ చాపింది. మళ్లీ కూత. టార్చి వెలుగు గోడ మీద పడ్డట్టు, ఆ డొల్ల నోట్లోంచి కిరణాలు ఒకే దిక్కుకు పోతున్నాయి. ఆ దారికి పక్కన నిలబడితే ఐదు. ఆ దారిలో మురుగేష్ పిక్క.

అందరినీ బయటికి పొమ్మని చెప్పి ఆమె కూడా తలుపు వైపు తిరిగింది. రెండడుగులు వేసి ఆగిపోయింది. ఆ వీధి ఇళ్లన్నీ ఒంటి ఇటుక గోడలు. ఒంటి ఇటుక ఆ కిరణాలను తగ్గిస్తుందే కానీ ఆపలేదు.

"ఈ గోడ అవతల ఏముంది?"

"మా ఇల్లే మేడమ్. లోపలి గది."

"ఇప్పుడు అక్కడ ఎవరైనా ఉన్నారా?"

మురుగేష్ నోరు తెరిచేలోపే రుక్మిణమ్మ అందుకుంది. కోడలు గీతాంజలికి ఏడో నెల. కడుపుతో ఉన్న పిల్ల మగ్గం ముందర కూర్చోకూడదు, ఆ దడ కడుపులో బిడ్డకు తగులుతుంది. వాళ్ల ఇళ్లల్లో ఐదో నెల పడగానే ఆడపిల్లను మగ్గం దించేస్తారు. గీతాంజలిని కూడా అలాగే దించి, దడ తగలని చోట కూర్చోబెట్టారు. ఊరికే ఉండలేక మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటోంది.

"నా కోడల్ని నేలకు గూడా దించలా పాపా. ఆ గోడ సల్లగా ఉంటాదని ఈపు ఆనించి కూసోమన్నా," అంది రుక్మిణమ్మ.

రాజశ్రీ పరుగెత్తింది.

లోపలి గదిలో సన్నటి వెలుతురు. గీతాంజలి గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపి కూర్చుని ఉంది. ఒక చేత్తో రాట్నం తిప్పుతోంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. పొట్ట మీద కొంగు సరిచేసుకుని, కొత్త మనిషిని చూసి నవ్వింది. గుమ్మంలోనే మీటరు కూత మొదలుపెట్టింది. దగ్గరికి వెళ్లేసరికి అంకె పక్కన అక్షరాలు మారాయి. గంటకు ఒక మిల్లీసీవర్ట్, అంటే వెయ్యి మైక్రోసీవర్ట్లు.

మామూలు మనిషికి, నేల నుంచీ ఆకాశం నుంచీ ఎలాగూ తగిలేది కాక, ఏడాది మొత్తానికి దాటకూడని హద్దు అదే. ఈ గోడ దగ్గర ఒక గంట కూర్చుంటే ఒక ఏడాది అయిపోతుంది.

"లే గీతాంజలీ. ఇటు రా."

"కండె సగంలో ఉండాది అక్కా. ఒక్క నిమిషం."

రాజశ్రీ ఆమె చెయ్యి పట్టుకుని లేపింది. రాట్నం పక్కకు పడింది. వద్దనుకున్నా రాజశ్రీ బుర్ర లెక్క వేసేసింది. రెండు నెలలు. రోజుకు ఐదారు గంటలు. బిడ్డ మెదడు ఎదుగుతున్న వారాలు కొన్ని అందులో ఉన్నాయి.

పది నిమిషాల్లో అందరూ వీధికి అవతల, ఎదురింటి రేకుల పంచ కింద ఉన్నారు. షెడ్డు తలుపుకు నలభై అడుగుల దూరం. మీటరు మళ్లీ 0.15కు దిగింది. రాజశ్రీ షెడ్డు తలుపుకు అడ్డంగా పసుపు రంగు టేపు కట్టి వచ్చింది. అణుశక్తి అధికారులకు ఫోన్ చేసింది. చెన్నై వైపు నుంచి బృందం బయలుదేరుతోందని, సీసం పెట్టె, పొడవాటి పట్టకార్లు తెస్తున్నారని, నాలుగు గంటలు పడుతుందని చెప్పారు. అంతవరకు దేన్నీ ముట్టుకోవద్దన్నారు. ముట్టుకోవడానికి ఆమె దగ్గర ఏముంది? ఒక మీటరు, ఒక టేపు చుట్ట.

వీధిలో వాళ్లను మగ్గాలు ఆపి బయటికి రమ్మని చెప్పడానికి యోగానందను పంపింది. ఆయన నాలుగిళ్లు తిరిగి వట్టి చేతులతో వచ్చాడు. మురుగేష్ ఇంట్లో గ్యాసు లీకైందా అని అడిగారట. గ్యాసు కాదంటే, వాసన రాదు, కనబడదు, వినబడదు, అట్లాంటిదానికి మగ్గం ఎందుకు ఆపాలని నవ్వారట.

"తాళం ఉంది కదా సార్," అంది రాజశ్రీ. గొంతు పెంచలేదు. "తాళం ఉంటే నోరు ఎలా తెరిచి ఉంది?"

యోగానంద తల దించుకున్నాడు. జేబు రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. చెమట మళ్లీ పట్టింది.

"మూసినాకా తాళం పడతాదమ్మా," అన్నాడు చివరికి. "తెరిచినాకా పడతాది. పని జరిగేటప్పుడు ఎవరూ పొరపాటున మూయకుండా తెరిచి తాళమేస్తాం. పని ఆపేస్తే మూసి తాళమేస్తాం. తాళం అదే. పిడి ఏ పక్కకు ఉండాదో సూస్తేనే తెలిసేది."

"చూశారా?"

"ఆఖరి రోజు. కరెంటు తీసేసినారు. తొట్టి ఎక్కాలంటే నిచ్చెన. కింద నించి టార్చి ఏసి సూస్తే తాళం కనపడింది." ఆయన రుమాలును ఉండ చుట్టాడు. "తాళం కనపడింది గదా అని రాసేసినా."

 మురుగేష్ ఒక కాలి మీద బరువు వేసి, పంచ స్తంభానికి ఆనుకుని వింటున్నాడు.

"నిచ్చెనకు ఎన్ని మెట్లు సార్?" అని అడిగాడు.

"ఏమప్పా?"

"ఎన్ని మెట్లని అడగతా ఉండా."

"పన్నెండు."

మురుగేష్ తల ఊపాడు.  రుక్మిణమ్మ ఆ పెద్దాయనను ఎగాదిగా చూసి, మేం పడుగు అతికేటప్పుడు రెండువేల పోగులు ఒక్కొక్కటే లెక్కబెట్టి చూసుకుంటాం, నువ్వు పన్నెండు మెట్లు ఎక్కలేకపోయినావా నాయనా అంది. తిట్టినట్టు లేదు. నిజంగానే అడుగుతున్నట్టుంది. యోగానంద అక్కడే గట్టు మీద కూలబడ్డాడు.

అప్పుడు గీతాంజలి రాజశ్రీ పక్కకు జరిగింది. ఆ అమ్మాయికి ఎవరూ ఏమీ విడమరచి చెప్పలేదు. అవసరం లేకపోయింది.

"అక్కా, బిడ్డకు ఏమన్నా అయ్యుంటాదా?"

ఆసుపత్రిలో ఈ ప్రశ్నకు రాజశ్రీ చాలాసార్లు జవాబు చెప్పింది. ఎక్స్‌రే తీయించుకుని తర్వాత గర్భమని తెలిసి ఏడుస్తూ వచ్చిన వాళ్లకు, అంత చిన్న మోతాదుకు ఏమీ కాదమ్మా అని ధైర్యం చెప్పి పంపింది. ఇది అంత చిన్న మోతాదు కాదు. పక్కా ప్రమాదమని చెప్పేంత పెద్దదో కాదో తేల్చడానికి రోజులు పడుతుంది. తేలినా, దాన్ని ఎవరూ తగ్గించలేరు. తగిలింది తగిలిపోయింది. దాన్ని బయటికి తీసే మందు లేదు.

"రక్తపరీక్ష ఉంది. చెన్నైలో చేస్తారు. ఎంత తగిలిందో తెలుస్తుంది," అంది.

"తెలిసినాక?"

 "నాకు తెలీదు గీతాంజలీ," అంది రాజశ్రీ. "బిడ్డ కదులుతోందా?"

"పొద్దున్నించీ తంతానే ఉండాది." గీతాంజలి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "ఈపు నొప్పిగా ఉండాదంటే ఈయనే ఆ గోడకాడ బొంత మడిచి ఏసినాడక్కా. మెత్తగా ఉంటాదని."

ఆ మాట మురుగేష్‌కు వినబడింది. రాజశ్రీ అతని మొహం చూసింది. అప్పుడే ఆమె ఫోన్ మోగింది. బృందంలోని అధికారి, దారి అడుగుతున్నాడు. మగ్గాల దడలో ఒక్క ముక్క వినబడక, ఆమె పంచ మూలకు వెళ్లి, ఒక చెవి మూసుకుని, పెద్ద రోడ్డు మీదే రమ్మని మూడుసార్లు చెప్పింది. ఫోన్ పెట్టి వెనక్కి తిరిగేసరికి స్తంభం దగ్గర మురుగేష్ లేడు.

గట్టు మీద పెట్టిన మీటరు 0.15 చూపిస్తోంది. ఆమె చూస్తుండగానే అది ఆరు అయింది. ఇరవై అయింది. అరవై.

షెడ్డు తలుపు దగ్గర టేపు తెగి వేలాడుతోంది. గుమ్మంలో మురుగేష్ నిలబడి ఉన్నాడు. గొలుసు విప్పి పరికరాన్ని బయటికి తెచ్చేశాడు. చంటిబిడ్డను చంకనెత్తుకున్నట్టు ఎడమ చెయ్యి కింద వేసి పొట్టకు అదుముకున్నాడు. కుడి అరచేతిని దాని నోటి మీద గట్టిగా ఒత్తిపట్టాడు.

రాజశ్రీ అరిచింది. తన అరుపు తనకే వినబడలేదు. వీధంతా మగ్గాలు.

మురుగేష్ ఆమె వైపు చూడటం లేదు. భార్యను చూస్తున్నాడు. అతని పెదవులు కదిలాయి. మగ్గాల మధ్య పుట్టి పెరిగిన వాళ్లు మాట చెవితో వినరు, పెదవుల మీద చదువుకుంటారు. గీతాంజలి చదివింది.

"నోరు మూసేసినా, ఇంగ గోడకు తగలదు అంటా ఉండాడక్కా."

మీటరు అంకె ఒక్క గీత కూడా తగ్గలేదు. మనిషి అరచెయ్యి ఆ కిరణాలకు పల్చటి గాజు లాంటిది. ఇంత దూరంలో గీతాంజలికి నాలుగైదు నిమిషాల్లో తగిలేది పెద్ద లెక్క కాదు. కానీ పొట్టకు అదుముకున్న వాడికి, అరచెయ్యి అడ్డం పెట్టిన వాడికి ప్రతి నిమిషమూ లెక్కే.

"కింద పెట్టమను. నోరు నేలకు ఆనించి బోర్లించమను. పెట్టేసి పరుగెత్తమను."

గీతాంజలి పెదవులు కదిలాయి. మురుగేష్ తల అడ్డంగా ఊపాడు. ఏదో చెప్పాడు.

"బోర్లించాలంటే చెయ్యి తీయాల గదా అంటా ఉండాడు. తీస్తే ఎదురుగా ఉండే నాకు తగలతాదంట."

రాజశ్రీ ఆమె రెక్క పట్టుకుని పక్కకు లాగింది, ఆ దారిలోంచి తప్పించాలని. ఐదడుగులు జరిపింది. మీటరు ఒక్క క్షణం దిగింది. భార్య మొహం కనబడకపోతే మాట అందదని మురుగేష్ కూడా ఆమె వైపు తిరిగాడు. అతనితో పాటు డొల్ల నోరు తిరిగింది. అంకె మళ్లీ లేచింది. ఇటు జరిపింది. ఇటు తిరిగాడు. ఏం చెబుతున్నావని కనుబొమలు ఎగరేసి అడుగుతూ, కుంటుకుంటూ, దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. తొంభై. నూట పది.

యోగానంద చేతులు ఊపుతూ వీధిలోకి దిగాడు. మురుగేష్ ఆయన్ను చూడనైనా లేదు.

గీతాంజలిని గోడ చాటుకు తోసేయాలి. తోసేస్తే అతనికి చెప్పేవాళ్లు ఈ వీధిలో ఎవరూ ఉండరు. ఆమె కోసం వెతుక్కుంటూ, దాన్ని గుండెలకు హత్తుకుని, ఇంకా దగ్గరికి వస్తాడు. రాజశ్రీ పట్టు వదల్లేదు, బిగించనూ లేదు. చదువుకున్న ఏ పుస్తకంలోనూ ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమని లేదు.

గీతాంజలి ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా విడిపించుకుంది.

"నేను ఎదురుగా ఉంటేనే ఆయనకు నా మాట కనపడతాదక్కా," అంది.

రెండు చేతులూ పొట్టకు అడ్డంగా పెట్టుకుని, మొగుడి వైపు మొహం పెట్టి, ఆమె నడివీధిలోకి అడుగు వేసింది.